ఊరు మారాక మా బాబు ఎవరితోనూ కలవడం లేదు: ఒక తల్లి ప్రశ్నకు సమాధానం

అమ్మా, మీ ప్రశ్న నిదానంగా చదివాను. గుంటూరు నుంచి బెంగళూరు వైట్‌ఫీల్డ్ వచ్చి పది నెలలైందనీ, అక్కడ సాయంత్రమైతే ఇంట్లో కాలు నిలవని బాబు ఇక్కడ బడి నుంచి రాగానే గది తలుపు వేసుకుంటున్నాడనీ రాశారు. అపార్ట్‌మెంట్ నిండా వాడి ఈడు పిల్లలున్నా కిందికి దిగడు, ఏమడిగినా 'ఊఁ', 'ఏం లేదు' తప్ప మాట రాదు అన్నారు. చివర్లో మూడు సంగతులు అడిగారు: పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్లాసులో చేర్పించాలా, ఫోన్ తీసేసుకోవాలా, లేదంటే పదో తరగతి అమ్మమ్మ దగ్గరుండి చదువుకోమని పంపేయాలా అని.

నేను బెంగళూరులో చాలా ఏళ్ళుగా బడిపిల్లలకు కౌన్సెలింగ్ చేస్తున్నాను. మారతహళ్ళి, వర్తూరు, కె.ఆర్. పురం వైపు నుంచి మన తెలుగు ఇళ్ళ పిల్లలు ఎక్కువగా వస్తుంటారు. ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో ఊరు మారిన పిల్లల్లో మీరు రాసిన పరిస్థితి తరచూ చూస్తాను. కాస్త పొడుగైనా వివరంగా చెబుతాను.

ముందుగా ఒకటి గుర్తుపెట్టుకోండి. గుంటూరులో సాయంత్రమంతా వీధిలోనే ఉన్న పిల్లాడికి నలుగురితో కలవడం రాదని అనుకోవద్దు. వాడికి వచ్చు. అక్కడ ఉన్నవి ఇక్కడ లేవు, అంతే. ఒకటో తరగతి నుంచి చూసిన మొహాలు, రోజూ అదే సందు, అదే ఆట, పేరు పెట్టి కేకేసే జట్టు. అక్కడ వాడు ఎవరినీ 'నేనూ ఆడొచ్చా' అని అడగాల్సిన అవసరమే రాలేదు. పద్నాలుగేళ్ళు వచ్చాక మొదటిసారి అడగాల్సి వస్తోంది. అదీ వేరే భాషలో, కొత్తవాళ్ళ మధ్య, అందరూ తననే చూస్తున్నారనిపించే వయసులో. పెద్దవాళ్ళం మనమే కొత్త ఆఫీసులో భోజనాల దగ్గర ఎవరి పక్కన కూర్చోవాలా అని తటపటాయిస్తాం కదా.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. ఆ క్లాసులో చేర్పించకండి. అక్కడ నేర్పేది ఎక్కువగా వేదికెక్కి మాట్లాడటం, కరచాలనం, కళ్ళలోకి చూసి జవాబివ్వడం. ఇంటర్వ్యూకి పనికొస్తాయి. కానీ పిల్లల మధ్య స్నేహం అలా కుదరదు. పైగా ఆదివారం రెండు గంటలు కలిసి కూర్చున్న ఆ పిల్లలు క్లాసు అవగానే ఊరికి నాలుగు మూలలా వెళ్ళిపోతారు, మళ్ళీ ఎదురుపడరు. 'నీకు కలవడం రాదు, అందుకే డబ్బు కట్టి నేర్పిస్తున్నాం' అనే మాట మాత్రం వాడి మనసులో ఉండిపోతుంది.

స్నేహం కుదరడానికి కావలసింది గంటలు. కాన్సాస్ యూనివర్సిటీలో జెఫ్రీ హాల్ అనే ప్రొఫెసర్ 2018లో దీన్నే లెక్కగట్టారు. ముఖపరిచయం మామూలు స్నేహంగా మారడానికి దాదాపు 50 గంటలు, మంచి స్నేహం కావడానికి 90 దాకా, ప్రాణస్నేహానికి 200 పైన పడుతుందని తేలింది. ఆయన అడిగింది ఊరు మారిన పెద్దవాళ్ళనీ, కొత్తగా కాలేజీలో చేరినవాళ్ళనీ. కాబట్టి ఈ అంకెలు మీ బాబుకు అచ్చంగా అతకకపోవచ్చు, కానీ దారి చూపిస్తాయి. పనిచేసే చోట పక్కపక్కన గడిపిన గంటలు పెద్దగా లెక్కకు రాలేదు. ఊరికే కూర్చుని కబుర్లాడినవి, ఆడుకున్నవి, కలిసి తిన్నవే పనిచేశాయి.

ఇప్పుడు మీ బాబు వారం చూడండి. బడి అవగానే ఐఐటీ ఫౌండేషన్ కోచింగ్, శనివారం టెస్టు, ఆదివారం మ్యాథ్స్ ట్యూషన్ అని మీరే రాశారు. కోచింగ్‌లో నలభై మంది మధ్య కూర్చుంటాడు, నిజమే, కానీ బోర్డు వైపు తిరిగి కూర్చుంటాడు. వారంలో రెండు సాయంత్రాలు, ఒక్కోసారి గంటన్నర చొప్పున, ఏ పనీ పెట్టకుండా వదిలారనుకోండి. వారానికి మూడు గంటలు. 50 గంటలు కావడానికి నాలుగు నెలలు పడుతుంది. ఈ లెక్క మీ ముందు పెట్టడానికి రెండు కారణాలున్నాయి. ఒకటి, ఆ మూడు గంటలు కూడా ఇప్పుడు వాడికి లేవు. రెండు, రేపటినుంచి ఇచ్చినా వచ్చే వారమే ఫలితం కనబడదు. 'కిందికి పంపి పదిహేను రోజులైంది, ఇంకా ఎవరూ ఫ్రెండ్ అవలేదు' అని కంగారుపడే తల్లిదండ్రులను చూస్తుంటాను. పదిహేను రోజులకు పేర్లు తెలిస్తే చాలు.

ఆ గంటలు ఎవరితో? దగ్గరున్నవాళ్ళతో. 1950లో ఫెస్టింజర్, షాక్టర్, బాక్ అనే ముగ్గురు అమెరికాలో ఎం.ఐ.టి. అనే విశ్వవిద్యాలయం విద్యార్థి కుటుంబాలుండే ఇళ్ళను పరిశీలించి పుస్తకం రాశారు. ఎవరు ఎవరికి స్నేహితులయ్యారని చూస్తే, అభిరుచుల కంటే గుమ్మాల మధ్య దూరమే ఎక్కువ పనిచేసింది. పక్క గుమ్మం వాళ్ళు, మెట్ల దగ్గర రోజూ ఎదురుపడేవాళ్ళు స్నేహితులయ్యారు. అందుకని ఇందిరానగర్‌లో ఉన్న మీ తెలుగు బంధువుల అబ్బాయితో నెలకోసారి కలపడం కంటే, మీ బ్లాకులోనే నాలుగో అంతస్తులో ఉన్న అబ్బాయి మేలు, వాడు మన తెలుగువాడు కాకపోయినా సరే. స్కూల్ బస్సును కూడా తక్కువ చేయకండి. మీ వైపు ట్రాఫిక్ పుణ్యమా అని రోజూ గంటకు పైగా అవే పిల్లలు, అవే సీట్లు. బస్సులో ఆలస్యమవుతోందని వాళ్ళ నాన్న కారులో దింపుతున్నారని రాశారు. వీలైతే మళ్ళీ బస్సులో పంపండి.

దగ్గరుంటే సరిపోదు, చేతికి ఏదో ఒక పని ఉండాలి. ముఖ్యంగా మగపిల్లలు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవడం కంటే పక్కపక్కన ఏదైనా చేస్తూ దగ్గరవుతారు. 1954లో ముజఫర్ షెరీఫ్ అమెరికాలోని ఓక్లహోమాలో 22 మంది అబ్బాయిలతో ఒక వేసవి శిబిరం నడిపారు. వాళ్ళను రెండు జట్లు చేసి పోటీలు పెడితే కొద్ది రోజుల్లోనే ఒకరి జెండా ఒకరు తగలబెట్టుకునే దాకా వచ్చింది. తర్వాత రాజీ కోసం కలిపి భోజనం పెట్టారు, సినిమా చూపించారు. అన్నం దగ్గర కూడా కొట్టుకున్నారు. శిబిరానికి నీళ్ళు ఆగిపోయి అందరూ కలిసి ఎక్కడ చెడిందో వెతకాల్సి వచ్చినప్పుడు, కదలని ట్రక్కును అందరూ కలిసి తాడుతో లాగాల్సి వచ్చినప్పుడు మెల్లగా కలిశారు. ఆ ప్రయోగం నడిపిన తీరు మీద తర్వాత విమర్శలొచ్చాయి. పిల్లలకు తెలియకుండా వాళ్ళను అలా ఎగదోయడం నాకూ నచ్చదు. కానీ అక్కడ తేలిన విషయం నేను ఇక్కడ అపార్ట్‌మెంట్లలో చూస్తూనే ఉన్నాను. పిల్లలను పిలిచి కేకు పెట్టి 'మాట్లాడుకోండి' అంటే నలుగురూ నాలుగు మూలల ఫోన్ చూసుకుంటారు. గణేశ పండక్కి మండపం కట్టే పని అప్పగిస్తే రాత్రి పదింటికి పిలిచినా ఇంటికి రారు.

ఒక అబ్బాయి సంగతి చెబుతాను. ఒంగోలు నుంచి వచ్చాడు, అప్పుడు ఎనిమిదో తరగతి. హిందీ రాదు. ఇక్కడి ఆటస్థలంలో పిల్లల మాట సగం హిందీ, సగం ఇంగ్లీషు. క్రికెట్ బాగా ఆడతాడు కానీ అడగడానికి నోరు రాలేదు. వాళ్ళ నాన్నతో మాట్లాడుకుని ఒక చిన్న ఏర్పాటు చేశాం. ఆడతానని అడగొద్దు, స్కోరు రాస్తానని చెప్పు అన్నాం. వాడు ఒక నోట్‌బుక్కు, పెన్నూ పట్టుకుని పార్కింగ్ పక్కన గోడ మీద కూర్చున్నాడు. మొదటి రోజు ఎవరూ పట్టించుకోలేదు. రెండో రోజో మూడో రోజో రనౌట్ దగ్గర గొడవొచ్చింది. ఎన్ని పరుగులు కావాలో తేలలేదు. 'అరే, వో లిఖ్ రహా హై, ఉస్‌సే పూఛో' (వాడు రాస్తున్నాడు, వాణ్ణి అడగండి) అని ఒకడు అరిచాడు. వీడు లేచి నోట్‌బుక్ చూసి 'ఫార్టీ టూ. నీడ్ సెవెన్' అన్నాడు. అంతే. ఆ సాయంత్రం వాడు మాట్లాడింది అంతే. కానీ ఆ తర్వాత ప్రతి ఓవరుకూ ఎవరో ఒకరు వచ్చి వాడి నోట్‌బుక్‌లోకి తొంగిచూశారు. వారం తిరిగేసరికి ఫీల్డింగ్‌కి ఒకడు తక్కువైతే పిలిచారు. వాడి బౌలింగ్ అప్పుడు చూశారు.

మీ బాబుకు బొమ్మలు వేయడం బాగా వచ్చని రాశారు కదా. పండగ పోస్టర్లు, స్పోర్ట్స్ డే బ్యానర్లు, బడిలో నాటకానికి తెర వెనక అట్టలు కోసి రంగులేసే పని, ఇలాంటివి చూడండి. బిడియం ఉన్న పిల్లలకు నాటకం తెర వెనక పని చాలా మంచిది. మాట్లాడక తప్పదు, కానీ మాటంతా 'కత్తెర ఇవ్వు', 'ఇది ఎత్తు', 'ఆ రంగు కాదు' అని పని గురించే ఉంటుంది. జేపీ నగర్‌లోని రంగశంకర అనే నాటకశాలలో పిల్లల నాటకాలు కూడా వేస్తుంటారు, ఒకసారి తీసుకెళ్ళి చూపించండి. బడిలో ఎన్.సి.సి. జూనియర్ డివిజన్ ఉంటే ఎనిమిది, తొమ్మిది తరగతుల్లోనే చేర్చుకుంటారు, కనుక్కోండి. కవాతు మాట ఎలా ఉన్నా, క్యాంపులో కలిసి పళ్ళాలు కడుక్కున్న పిల్లలు విడిపోరు.

భాష సంగతి కొంచెం ఆగి చెప్పాలి. మన పిల్లలు ఇక్కడ మాట్లాడకపోవడానికి సగం కారణం బిడియం కాదు, మూడు భాషల మధ్య నలగడం. బడిలో ఇంగ్లీషు, ఆటలో హిందీ, బయట కన్నడం. తప్పు మాట్లాడితే నవ్వుతారనే భయంతో నోరు కట్టేసుకుంటారు. వాడికి వ్యాకరణం అక్కర్లేదు, ఆట మాటలు కావాలి. పది పన్నెండు వాక్యాలు చాలు. కన్నడం మన పిల్లలకు ఇట్టే వస్తుంది. 'నేనూ ఆడతాను' అనడానికీ 'నానూ ఆడ్తీని' అనడానికీ ఎంత దూరం? ముందు పిల్లలతో కాదు, పెద్దవాళ్ళతో అలవాటు చేయించండి. గేటు దగ్గర సెక్యూరిటీ అన్నను 'ఊట ఆయ్తా' (భోజనం అయిందా) అని పలకరించడం, బస్సులో కండక్టర్‌ను టిక్కెట్ అడగడం, దర్శినిలో, అంటే ఇక్కడి చిన్న టిఫిన్ హోటల్లో, వాడినే కౌంటర్ దగ్గరికి పంపి నలుగురికీ టోకెన్లు తెమ్మనడం. మీరు పక్కన నిలబడి అందించకండి. రెండు వడలు చెప్పబోయి ఒకటే చెప్పి వచ్చినా ఏం కాదు. ఆ ఒక్కటీ పంచుకు తినండి, ఏమీ అనకండి. తెలియనివాళ్ళతో తప్పు మాట్లాడినా ప్రపంచం ఆగిపోదని పిల్లలకు చేసి చూస్తేనే తెలుస్తుంది.

వాడు కిందికి ఎందుకు దిగడం లేదో కూడా అర్థం చేసుకోవాలి. ఈ వయసు పిల్లలకు తమ చుట్టూ ఎప్పుడూ ప్రేక్షకులు ఉన్నట్టే ఉంటుంది. తన మొటిమ, తన చెప్పులు, తన యాస, అన్నీ అందరూ గమనిస్తున్నారనిపిస్తుంది. డేవిడ్ ఎల్కిండ్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1967లోనే దీని గురించి వివరంగా రాశారు. మీకు 'ఊరికే అలా కిందికి వెళ్ళిరా' అనేది చిన్న మాట. వాడికి అది నిండు సభలోకి నడిచి వెళ్ళడం. 'నిన్నెవరు చూస్తార్రా' అని మనం ధైర్యం చెప్పబోతాం, వాడికి అది ఎగతాళిలా వినిపిస్తుంది. దానికి బదులు వెళ్ళడానికి ఒక నెపం ఇవ్వండి. కుక్క ఉంటే కుక్కను తిప్పడం, సైకిల్‌కి గాలి కొట్టడం, కింద కొట్లో పెరుగు ప్యాకెట్ తేవడం. చేతిలో పని ఉంటే నడక సులువవుతుంది.

తోటివాళ్ళు వాళ్ళకు ఎంత ముఖ్యమో చెప్పే ఒక ప్రయోగం ఉంది. 2005లో మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ అనే ఇద్దరు 13-16 ఏళ్ళ పిల్లలతో, కాలేజీ వయసు వాళ్ళతో, పెద్దవాళ్ళతో కంప్యూటర్‌లో కారు నడిపే ఆట ఆడించారు. ఒంటరిగా ఆడినప్పుడు అందరూ ఇంచుమించు ఒకేలా జాగ్రత్తపడ్డారు. స్నేహితులు పక్కన నిలబడి చూస్తుంటే చిన్న పిల్లలు బాగా తెగించారు, పెద్దవాళ్ళలో మార్పే లేదు. వీళ్ళ మెదడులో ఉత్సాహం, మెప్పు కోసం ఆరాటం ముందు పెరుగుతాయి, పగ్గాలు వేసే ముందుభాగం ఇరవై దాటాక గానీ పూర్తిగా పక్వానికి రాదు. స్నేహితుల పిచ్చి అని మనం విసుక్కునేది ఈ వయసులో శరీరం చేసే పనే. వెలివేత కూడా అంతే గట్టిగా తగులుతుంది. 2010లో లండన్‌లో సారా జేన్ బ్లేక్‌మోర్ బృందం కంప్యూటర్‌లో బంతి విసురుకునే ఆట పెట్టి, మధ్యలో ఒకరికి బంతి రాకుండా చేసింది. పెద్ద ఆడవాళ్ళ కంటే టీనేజ్ అమ్మాయిలు ఎక్కువ కుంగిపోయారు. ఎవరో తెలియనివాళ్ళు, ఉత్తుత్తి బంతి, అయినా సరే. క్లాస్ వాట్సాప్ గ్రూపులోంచి తీసేశారని మీ పిల్లాడు అన్నం మానేస్తే 'దానికేనా' అనకండి.

గుంపులో కలవడం ఎలాగో వాడికి విడమరచి చెప్పవచ్చు, అడిగితేనే. లాస్ ఏంజెలెస్‌లోని యు.సి.ఎల్.ఎ.లో ఎలిజబెత్ లాగెసన్ బృందం 'పియర్స్' అనే శిక్షణ రూపొందించింది. మొదట ఆటిజం ఉన్న టీనేజ్ పిల్లల కోసం చేశారు గానీ అందరికీ పనికొస్తుంది. అందులో నాకు నచ్చింది, పెద్దవాళ్ళు ఇచ్చే సలహాలు పక్కనపెట్టి, నిజంగా బాగా కలిసిపోయే పిల్లలు ఏం చేస్తున్నారో చూసి అదే నేర్పడం. మనం ఏం చెబుతాం? 'వెళ్ళి హలో చెప్పి నీ పేరు చెప్పు' అంటాం. ఏ పిల్లాడూ అలా చేయడు. చేస్తే వింతగా చూస్తారు. కలిసిపోయే పిల్లలు ముందు కాస్త దూరంగా ఆగి, ఏం మాట్లాడుకుంటున్నారో వింటారు. తనకు తెలిసిన విషయమైతే కొంచెం దగ్గరికి జరుగుతారు. మాట మధ్య విరామం రాగానే అదే విషయం మీద ఒక చిన్న మాటో, ప్రశ్నో వేస్తారు. ఎవరైనా అటు తిరిగి జవాబిస్తే నిలబడతారు. భుజాలు తిప్పుకుంటే మొహం మాడ్చుకోకుండా ఇంకో చోటికి వెళ్తారు. చాలాసార్లు వెనక్కి రావాల్సే వస్తుందని, అది అందరికీ జరుగుతుందని ముందే చెప్పండి. చెప్పకపోతే మొదటిసారికే 'నేనే పనికిరాను' అనుకుంటారు.

ఏడిపించడం గురించీ లాగెసన్ బృందం చెప్పింది విలువైనది. వాడి ఇంగ్లీషు యాసను ఇద్దరు అనుకరించి చూపిస్తున్నారని మీరు రాశారు. 'పట్టించుకోకు' అనేది చాలదు, ఊరుకుంటే ఇంకా అంటారు. టీచరుకు చెబితే ఈ వయసులో ఇంకో పేరు పడుతుంది. చిన్నగా, విసుగు లేకుండా, 'అయితే ఏంటి?', 'సరే, ఇంకా?' లాంటి పొడి మాట ఒకటి అనేసి తన పనిలో పడాలి. ఉడుక్కోకపోతే వాళ్ళకు సరదా ఉండదు. ఇంట్లో వాళ్ళ నాన్నతో ఈ మాటలు గొంతులో కోపం, ఏడుపు లేకుండా వచ్చేదాకా అనిపించి చూడండి. అయితే ఇది నోటి మాటలకే. చెయ్యి చేసుకోవడం, డబ్బు లాక్కోవడం, ఫోటోలు మార్చి పంపించడం, బెదిరించడం ఉంటే పిల్లాడి మీద వదిలేయకూడదు. వెంటనే తేదీలతో రాసి బడికి లిఖితపూర్వకంగా ఇవ్వండి. పిల్లల సహాయానికి 1098 కూడా ఉంది.

ఇంతదాకా చెప్పింది స్నేహం మొదలుపెట్టడం గురించి. నా అనుభవంలో దానికంటే పెద్ద విద్య, తగువు పడ్డాక మళ్ళీ కలవడం. దీన్ని ఏ బడీ నేర్పదు, చాలా ఇళ్ళలో చూడటానికి కూడా దొరకదు. చిన్నప్పుడు కటీఫ్ చెప్పుకున్న పిల్లలు సాయంత్రానికి మర్చిపోతారు. పద్నాలుగేళ్ళకు మర్చిపోరు. స్క్రీన్‌షాట్ మిగిలే ఉంటుంది.

పదో తరగతి అమ్మాయి ఒకతె ఏడుస్తూ వచ్చింది. స్నేహితురాలు తనకొక్కదానికే చెప్పిన సంగతిని ఈ అమ్మాయే స్క్రీన్‌షాట్ తీసి ఇంకొకరికి పంపింది. అది నలుగురికీ చేరింది, గ్రూపులోంచి అందరూ కలిసి ఈ అమ్మాయిని తీసేశారు. తను రాసుకున్న క్షమాపణ చూపించింది. ఫోన్ తెర నిండా ఉంది. అందులో 'నేను కావాలని చేయలేదు', 'నువ్వు కూడా పోయినేడు ఇలాగే చేశావు', 'నాకు ఎంత బాధగా ఉందో తెలుసా', చివర్లో 'ప్లీజ్ మాట్లాడు' అని ఉన్నాయి. చదివి, ఇందులో ఆ అమ్మాయి గురించి ఎంత ఉంది, నీ గురించి ఎంత ఉంది, గీత గీసి చూడు అన్నాను. కాసేపు ఫోన్ వైపే చూసి అన్నీ చెరిపేసింది. తర్వాత మెసేజ్ కాకుండా, మర్నాడు లంచ్‌లో ఎదురుగా వెళ్ళి మూడు మాటలు చెప్పింది. 'నువ్వు నాకే చెప్పింది నేను పంపాను. తప్పు. ఎవరెవరికి వెళ్ళిందో వాళ్ళందరినీ అడిగి తీసేయిస్తాను.' జవాబు కోసం నిలబడకుండా వచ్చేసింది. అన్నట్టుగానే ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి తీసేయించింది. ఆ ఇద్దరూ మళ్ళీ మునుపటి అంత దగ్గర కాలేదు. కానీ ఒకే బెంచీలో కూర్చున్నారు, పరీక్షలకు నోట్స్ ఇచ్చిపుచ్చుకున్నారు. అది కూడా కలిసి మెలగడమే. ప్రతి తగువూ మళ్ళీ ప్రాణస్నేహంతో ముగియాలని పిల్లలకు చెప్పకండి.

పిల్లలు ఇది ఎక్కువగా మనల్ని చూసే నేర్చుకుంటారు. మీరూ మీవారూ మాటామాటా అనుకున్నప్పుడు వాడు వింటాడు. రాత్రి తలుపు వేసుకున్నాక రాజీ పడితే వాడికి గొడవ మాత్రమే తెలుస్తుంది. 'పొద్దున నేను అలా అనకుండా ఉండాల్సింది' అనే మాట వాడి ముందే అనండి. పక్క ఫ్లాటు వాళ్ళ పార్కింగ్ గురించి ఇంట్లో ఎలా మాట్లాడుకుంటారో, లిఫ్టులో వాళ్ళు ఎదురైతే ఎలా నవ్వుతారో కూడా వాడు చూస్తూనే ఉంటాడు. ఇంకోటి, ఇంటికి మనుషులు రానివ్వండి. ఊరు మారాక మీకూ ఇక్కడ ఎవరూ లేరని మీ ఉత్తరంలో ఒక వాక్యంలో కనబడింది. మీరు ఒక కుటుంబాన్ని ఆదివారం టిఫిన్‌కి పిలవండి. వచ్చినప్పుడు బాబుకు 'వచ్చి నమస్తే చెప్పి పో' అనే వేషం కాకుండా ఒక పని ఇవ్వండి. పెసరట్లు వాడే వడ్డించాలి, అంకుల్‌ని పార్కింగ్ దాకా వాడే దింపాలి.

బడి నుంచి రాగానే 'ఈరోజు ఎవరితో మాట్లాడావు, ఎవరైనా ఫ్రెండయ్యారా' అని అడగడం మానేయండి. రోజూ అదే ప్రశ్నకు రోజూ 'లేదు' అని చెప్పడం వాడికి పరీక్షలో సున్నా తెచ్చుకున్నట్టు ఉంటుంది. స్కూటర్ మీద వెనక కూర్చున్నప్పుడు, కూరగాయలు తరుగుతున్నప్పుడు, మొహాలు చూసుకోనవసరం లేని చోట్ల పిల్లలు వాళ్ళంతట వాళ్ళే మొదలుపెడతారు. అప్పుడు సలహా ఇవ్వకండి. 'ఊఁ, తర్వాత?' అంటే చాలు.

ఫోన్ తీసేసుకోవద్దు. గుంటూరు స్నేహితులు అందులోనే ఉన్నారు. వాళ్ళతో రాత్రి ఆట ఆడుతూ పగలబడి నవ్వుతాడని మీరే రాశారు. ఆ నవ్వు వాడికి ప్రస్తుతం చాలా అవసరం. హద్దు మాత్రం పెట్టండి: రాత్రి పడుకునే గదిలో ఫోన్ ఉండకూడదు, మీ ఇద్దరి ఫోన్లు కూడా బయటే. భోజనం దగ్గర ఎవరి చేతిలోనూ ఉండకూడదు. కింద సాయంత్రం గంటన్నర గడిపే రోజుల్లో ఆట సమయం తనంతట తానే తగ్గుతుంది. అలా కాకుండా నిద్ర, తిండి, బడి మానుకుని ఆటలోనే మునిగిపోతే, ఇక్కడి మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో 2014 నుంచి షట్ క్లినిక్ నడుస్తోంది, ఫోన్, గేమ్‌ల అలవాటు శ్రుతి మించినవాళ్ళ కోసమే.

ఏది మామూలు, ఏది కాదు అని కూడా తెలుసుకోండి. కొందరు పిల్లలకు సహజంగానే ఒకరిద్దరు స్నేహితులు చాలు. ఆ ఒకరిద్దరితో హాయిగా ఉంటే వాళ్ళను పదిమందిలోకి తోయనక్కర్లేదు. కానీ వెళ్ళాలని ఉండి భయంతో వెళ్ళలేకపోతే, క్లాసులో చెయ్యెత్తడానికి, క్యాంటీన్‌లో తినడానికి కూడా వణికితే, సోమవారం పొద్దున కడుపునొప్పి, తలనొప్పి అని బడి మానేస్తుంటే, ఇది ఆరు నెలలకు మించి సాగితే అది నలుగురిలో భయం అనే జబ్బు కావచ్చు. అది తరచూ ఈ వయసులోనే మొదలవుతుంది, చికిత్సకు బాగా లొంగుతుంది. చిన్నప్పటినుంచీ ఎదుటివారి మొహం చూసి మనసు తెలుసుకోవడం కష్టంగా ఉంటే అది వేరే సంగతి, దానికీ పరీక్ష చేయించాలి. మీ బాబు గుంటూరులో ఉన్న తీరు చూస్తే అది నాకు కనిపించడం లేదు. నిద్ర, తిండి పూర్తిగా మారిపోయినా, బతకాలని లేదన్న మాట ఒక్కసారి నోట వచ్చినా ఆగకండి. నిమ్హాన్స్‌లో పిల్లలకు, టీనేజ్ వాళ్ళకు ప్రత్యేక విభాగం ఉంది. మానసిక సమస్యలకు ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416, ఇరవై నాలుగు గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు.

ఇక అమ్మమ్మ దగ్గరికి పంపడం. ఇప్పుడే వద్దు. పది నెలల్లో వాడు ఇక్కడ గడిపిన ఖాళీ గంటలు లెక్కపెడితే చాలా తక్కువ తేలతాయి. బెంగళూరు వాడికి కుదరలేదని చెప్పడానికి అవి చాలవు. వచ్చే నెల నుంచి వారంలో రెండు సాయంత్రాల కోచింగ్ మాన్పించండి, బస్సు మొదలుపెట్టండి, పండగ పోస్టర్ల పని గురించి అసోసియేషన్ వాళ్ళతో మీరు కాకుండా వాడే మాట్లాడేలా చూడండి. నంబరు ఇవ్వండి, పక్కన నిలబడకండి. దసరా సెలవులకు గుంటూరు స్నేహితుడు ఒకణ్ణి ఇక్కడికి పిలిపించండి. వాళ్ళిద్దరూ కలిసి కిందికి దిగుతారు. అక్కడి పిల్లలు మొదటిసారి మీ బాబు గట్టిగా మాట్లాడటం, నవ్వడం చూస్తారు. డిసెంబరు దాకా ఇలా నడిపించి ఎలా ఉందో మళ్ళీ రాయండి. కోచింగ్ తగ్గించడానికి మీవారు ఒప్పుకోకపోతే, ఆయన్ని కూడా ఇది చదవమనండి.